పొక్లెయిన్‌ను అద్దెకు తెచ్చినట్టే లాప్‌టాప్: ఆఫీసు కంప్యూటర్ల చందా పద్ధతిలో ఏముంది?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. ఆ రోజు ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. మర్నాడు పొద్దున టాలీ తెరుచుకుంది, ఈ-వే బిల్లులు వచ్చాయి. అందుకే నెల్లూరు, ఒంగోలు ఆఫీసుల్లో చాలామంది దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకున్నవాళ్లకు మాత్రం ఖర్చు కళ్లముందు కనిపించింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపు ఎనిమిదో తరమో ఆపైదో అయి ఉండాలి. అంతకు ముందువి నిక్షేపంగా నడుస్తున్నా అధికారికంగా ఎక్కనివ్వదు. డబ్బు కట్టి పాత విండోస్‌కే అప్‌డేట్లు పొడిగించుకోవచ్చు. కంపెనీలకు దాని ధర మొదటి ఏడాది మెషీనుకు 61 డాలర్లు, ఆపైన ఏటేటా రెట్టింపు, అదీ మూడేళ్ల వరకే.

ముప్ఫై నలభై లాప్‌టాప్‌లు ఒక్కసారే మార్చాల్సిన ఇలాంటి సమయంలో వెండర్ల నోట ఒక మాట తరచుగా వినిపిస్తోంది: "కొనడం ఎందుకు సార్, నెలకింతని కట్టండి. లాప్‌టాప్ మాది, చూసుకునే పూచీ మాది." దీన్నే డివైజ్ యాజ్ ఎ సర్వీస్ అంటారు. హెచ్‌పీ లాంటి కంపెనీలు 2016 నుంచే ఈ పేరుతో అమ్ముతున్నాయి. పొట్టిగా 'డాస్' అంటారు గానీ, డెస్క్‌టాప్ యాజ్ ఎ సర్వీస్‌కూ అదే పొట్టిపేరు. ఆ రెండోదాంట్లో మన బల్ల మీదికి వచ్చే వస్తువేమీ లేదు. కంప్యూటరు ఎక్కడో సర్వర్లో నడుస్తుంది, మనకు తెర మాత్రమే కనిపిస్తుంది. కొటేషన్ చేతికొచ్చినప్పుడు ఏది ఏదో చూసుకోకపోతే మాటలు కలవవు.

డ్రైవరుతో సహా అద్దె

చీమకుర్తి క్వారీల వైపు ఈ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పొక్లెయిన్‌ను సొంతంగా కొనుక్కోవచ్చు. మెషీన్ ఒక్కటే అద్దెకు తెచ్చుకుని, ఆపరేటర్‌ను, డీజిలును మనమే చూసుకోవచ్చు. లేదా ఆపరేటరు, డీజిలు, రిపేరు అన్నీ కలిపి గంటకింతని మాట్లాడుకోవచ్చు. మూడూ మట్టి తవ్వేవే. బకెట్ పన్ను విరిగిన రోజున ఎవరి జేబుకు చిల్లు పడుతుందన్నదే తేడా.

కంప్యూటర్లలోనూ అంతే. సొంతంగా కొని, బాగుచేయడానికి ఏఎంసీ (ఏడాదికింతని మరమ్మతు ఒప్పందం) ఇస్తే అది మొదటి రకం. లీజు రెండో రకం: వస్తువు వాళ్లది, తలనొప్పి మనది. చందా పద్ధతి మూడోది. ఏ ఉద్యోగికి ఏ మోడలు, అందులో ఏ సాఫ్ట్‌వేరు, అప్‌డేట్లు ఎప్పుడు, పాడైతే బదులు మెషీను, ఉద్యోగి మానేస్తే తిరిగి తెప్పించడం, డేటా చెరిపివేయడం, చివర్లో పాత సామాను వదిలించుకోవడం... ఈ గొలుసు మొత్తం నెలవారీ బిల్లులో ఉంటుంది. ఉంటుందని చెబుతారు, అనాలేమో. కొన్ని కొటేషన్లలో పైన చందా అని రాసి, లోపల ఉత్త లీజు పెడుతున్నారు. ఆపరేటరు లేని పొక్లెయిన్‌కు ఆపరేటరు రేటు వేసినట్టు.

పెట్టె తెరిచాక జరిగేది

నిర్వహణ అన్న మాట పైకి గాల్లో మాటలా ఉంటుంది కాబట్టి ఒక్కసారి దగ్గరగా చూద్దాం. కావలి బ్రాంచిలో కొత్త అకౌంటెంట్ చేరిందనుకోండి. పాత పద్ధతిలో లాప్‌టాప్ ముందు నెల్లూరు హెడ్డాఫీసుకు వస్తుంది. అక్కడ కంప్యూటర్లు తెలిసిన కుర్రాడు ఒక పూట కూర్చుని విండోస్ సర్ది, ఆఫీసు, టాలీ, యాంటీవైరస్ ఎక్కించి, ప్రింటరు కలిపి, ఎవరో కావలి వెళ్తుంటే వాళ్ల చేతికిస్తాడు.

చందా పద్ధతిలో సీలు విప్పని పెట్టె నేరుగా కావలికే వస్తుంది. ఆమె వైఫై కలిపి తన ఆఫీసు మెయిల్, పాస్‌వర్డ్ కొడుతుంది. ఆ మెషీను నంబరు ముందే కంపెనీ పేరు మీద నమోదై ఉంటుంది కాబట్టి, ఇది ఫలానా కంపెనీ లాప్‌టాప్ అని విండోస్ దానంతటదే గుర్తుపడుతుంది. సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటే దిగుతాయి. డిస్కుకు తాళం పడుతుంది. పెన్‌డ్రైవ్ వద్దంటే ఆ దారి మూసుకుంటుంది. మైక్రోసాఫ్ట్‌లో ఈ నమోదు పనికి ఆటోపైలట్ అనీ, ఆ తర్వాతి పెత్తనానికి ఇన్‌ట్యూన్ అనీ పేర్లు. ఆపిల్‌కు, ఆండ్రాయిడ్‌కు వాటి సొంత ఏర్పాట్లున్నాయి. అన్నిటికీ కలిపి ఎండీఎం, అంటే మొబైల్ డివైజ్ మేనేజ్‌మెంట్ అంటారు. మొదట ఫోన్ల కోసం వచ్చింది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది.

ఇదంతా చేయడానికి చందా తప్పనిసరి కాదు. సొంత లాప్‌టాప్‌లకూ లైసెన్సు కొని ఎండీఎం పెట్టుకోవచ్చు. వెండరు చూపించే డెమోలో కళ్లు చెదిరే భాగం ఇదే కాబట్టి, ఇది చందాతోనే వస్తుందన్న అభిప్రాయం కలుగుతుంది. వాళ్లు అమ్మేది దాన్ని రోజూ చూసుకునే మనిషిని.

నలభై లాప్‌టాప్‌ల లెక్క

ఊహకు ఒక రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీని తీసుకుందాం. ఆఫీసు నెల్లూరులో, ప్లాంటు ముత్తుకూరు వైపు, కొనుగోలు పాయింట్లు తీరం వెంబడి. లాప్‌టాప్‌లు 40. చందా కొటేషన్ మెషీనుకు నెలకు 2,600 రూపాయలు, మూడేళ్ల ఒప్పందం. అదే లాప్‌టాప్ కొంటే 55,000. రెండిటికీ జీఎస్టీ అదనం. ఈ అంకెలన్నీ లెక్క కోసం నేను అనుకున్నవే.

యజమాని మొదట వేసే లెక్క ఇది: 55,000ను 36 నెలలకు పంచితే 1,528. వీళ్లు 2,600 అడుగుతున్నారు. దోపిడీ!

ఆడిటర్ కూర్చుని మిగతావి కలుపుతారు. మూడేళ్లపాటు ఆఫీసుకే వచ్చి బాగుచేసే వారంటీకి 7,000. బ్యాంకు డబ్బయితే 11 శాతం మీద మూడేళ్ల వాయిదాల్లో వడ్డీ సుమారు 9,800. ఎండీఎం, యాంటీవైరస్ కలిపి నెలకు 400 చొప్పున 14,400. వారంటీలో పడని చిల్లర రిపేర్లు 4,000. 25,000 జీతగాడు సగం సమయం దీనిమీదే పెడితే మూడేళ్లకు నాలుగున్నర లక్షలు, మెషీనుకు 11,250. చివర్లో పాత లాప్‌టాప్ అమ్మితే వచ్చే 10,000 తీసేస్తే మొత్తం 91,450. నెలకు 2,540. చందా 2,600. అంటే రెండూ ఇంచుమించు ఒకటే.

ఇక్కడితో ఆగితే చందావాళ్లు సంతోషిస్తారు. కానీ ఈ లెక్కలో రెండు చోట్ల నేల గట్టిగా లేదు.

మొదటిది ఆ కుర్రాడి జీతం. చందా తీసుకున్నాక అతన్ని మాన్పిస్తారా? సాధారణంగా మాన్పించరు. అతనే ప్రింటర్లు చూస్తాడు, సీసీ కెమెరాలు చూస్తాడు, జీఎస్టీ పోర్టల్ మొరాయిస్తే అతన్నే పిలుస్తారు. జీతం ఎలాగూ ఇస్తున్నప్పుడు 11,250 తీసేసి చూడాలి. అప్పుడు సొంతం ఖర్చు నెలకు 2,230 దగ్గరికి దిగుతుంది. మిగిలిన అతని సమయం పనికొచ్చే ఇంకో పనిలో పడితేనే చందాలో ఆదా నిజమవుతుంది.

రెండోది మూడేళ్ల గడువు. మన దగ్గర లాప్‌టాప్‌ను మూడేళ్లకు ఎవరు తీసేస్తారు? అయిదేళ్లు వాడితే సాఫ్ట్‌వేరు 24,000, రిపేర్లు 10,000, మనిషి ఖర్చు 18,750 అయినా, పాతది 4,000కే పోయినా మొత్తం 1,20,550. అరవై నెలలకు పంచితే నెలకు 2,009. ఇప్పుడు సొంతమే చవక. 'మూడేళ్లకు కొత్త మెషీన్' అన్న మాటలో మనకు అవసరం ఎంత, వాళ్లకు అనుకూలం ఎంత అన్నది ఆ 600 రూపాయల తేడాలో ఉంది.

చందావైపు న్యాయంగా చెప్పాల్సిన మాటలూ ఉన్నాయి. పై లెక్కలో కంపెనీ ఇప్పటికే క్రమం తప్పకుండా అప్‌డేట్లు చేస్తోందనీ, యాంటీవైరస్‌కు డబ్బు కడుతోందనీ అనుకున్నాం. చాలా ఆఫీసుల్లో ఆ 14,400 ఖర్చే లేదు, ఎందుకంటే ఆ పనే జరగడం లేదు. అలాంటి చోట సొంతం చవకగా కనిపించడం సహజం. ఇక ధరల సంగతి: 2025 చివర్లో మెమరీ చిప్పుల ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. ఏఐ డేటా సెంటర్లు ఆ చిప్పుల్ని మింగేయడం దానికి పెద్ద కారణం. అప్పటికే మూడేళ్ల రేటు రాయించుకున్నవాళ్లకు ఆ సెగ తగల్లేదు.

పన్నుల దగ్గర ఒక మెలిక

"అద్దె మొత్తం ఖర్చు రాసుకోవచ్చు, పన్ను ఆదా" అన్నది అమ్మేవాళ్ల అరిగిపోయిన మాట. నిజమే గానీ చిన్న నిజం. ఆదాయపన్ను లెక్కల్లో కంప్యూటర్లకు తరుగుదల ఏటా 40 శాతం. 55,000 లాప్‌టాప్ విలువ ఏడాదికి 33,000, తర్వాత 19,800, మూడో ఏటికి 11,880కు దిగుతుంది. కొన్న ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే ఆ ఏటికి సగమే. ఎలా చూసినా మూడేళ్లలో ధరలో చాలా భాగం ఖర్చుగా రాలిపోతుంది. తేడా ఎప్పుడన్నదే. అద్దెగా కడితే, నెలకు 50,000 దాటినప్పుడు పరికరాల అద్దె మీద 2 శాతం టీడీఎస్ కోసి కట్టాల్సిన పని కూడా నెత్తిన పడుతుంది.

అసలు మెలిక జీఎస్టీలో ఉంది, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అది బాగా వర్తిస్తుంది. రొయ్యలు, గ్రానైట్ ఎగుమతిదారుల్లో ఎల్‌యూటీ అనే హామీపత్రం ఇచ్చి పన్ను కట్టకుండా సరుకు పంపేవాళ్లున్నారు. కొనుగోళ్ల మీద కట్టి పేరుకుపోయిన పన్ను, అంటే జీఎస్టీ క్రెడిట్, వాళ్లకు రీఫండుగా వస్తుంది. ఆ రీఫండు లెక్కలోకి ముడి సరుకుల మీద, సేవల మీద కట్టిన పన్నే వస్తుంది. మూలధన వస్తువుల మీద కట్టింది రాదు. కొన్న లాప్‌టాప్‌ను పుస్తకాల్లో ఆస్తిగా చూపిస్తే దాని మీది 9,900 క్రెడిట్‌గా లెడ్జర్లో ఉంటుంది గానీ ఆ దారిలో చేతికి రాదు. దేశంలో అమ్మకాలున్నవాళ్లు అక్కడి పన్నుకు సర్దుకుంటారు. చందా అయితే సేవ కాబట్టి నెలనెలా కట్టే 468 రీఫండు లెక్కలోకి ఎక్కుతుంది.

ఆస్పత్రులకు, కాలేజీలకు ఇది తిరగబడుతుంది. వాళ్ల సేవలకు ఎక్కువగా జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి క్రెడిట్ రాదు. కట్టిన పన్ను ఖర్చులోకే పోతుంది. కొంటే లాప్‌టాప్ మీద ఒక్కసారి 9,900, వారంటీ, సాఫ్ట్‌వేరు మీది పన్ను వేరు. చందాలో 36 నెలలకు 16,848, ఎందుకంటే వారంటీ, సాఫ్ట్‌వేరుతో పాటు మనిషి సేవ మీదా పన్ను పడుతుంది. ఒకే వీధిలో ఎగుమతి ఆఫీసు, దాని ఎదురుగా నర్సింగ్ హోము ఉంటే, ఒకే కొటేషన్ ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం.

'మరుసటి పనిరోజు' ఏ పిన్‌కోడ్ వరకు?

కొటేషన్‌లో పెద్ద అక్షరాల్లో 'నెక్స్ట్ బిజినెస్ డే' అని ఉంటుంది. దాని పక్కనో, చివరి పేజీలోనో పిన్‌కోడ్ల జాబితా. చెన్నైలో ఉన్న ఇంజినీరుకు నెల్లూరు టౌను హైవే మీద మూడు నాలుగు గంటల దారి. అల్లూరు దాటి లోపల చెరువు గట్టు మీదున్న కొనుగోలు పాయింటు అలా కాదు. జాబితాలో లేని ఊళ్లకు గడువు మూడు రోజులో అయిదు రోజులో అవుతుంది, లేదా మెషీన్‌ను మనమే కొరియర్లో పంపాలి. దూరం ఊళ్లున్న కంపెనీలకు అసలు రక్షణ ఇంజినీరు కాదు. నూటికి అయిదు చొప్పున స్టాండ్‌బై లాప్‌టాప్‌లు మన బీరువాలోనే పెట్టించడం. నలభైకి రెండు. పాడైంది ఎప్పుడైనా వెళ్తుంది, పని ఆగదు.

ఇంకొకటి మన గాలి. రొయ్యల హ్యాచరీలో ఉప్పు గాలికి యూఎస్‌బీ పోర్టులు పచ్చబడతాయి, హింజి స్క్రూలు తుప్పు పడతాయి. చీమకుర్తిలో కటింగ్ ఫ్యాక్టరీ ఆఫీసు లాప్‌టాప్ అడుగున రెండు మరలు విప్పితే ఫ్యాను రెక్కల మీద గ్రానైట్ పొడి బూడిద రంగు పూతలా గట్టిపడి ఉంటుంది. వేలితో రాస్తే రాదు, బ్రష్షు కావాలి. ఇది మామూలు అరుగుదలా, వాడకంలో నిర్లక్ష్యమా? ఏసీ గదుల ఆఫీసులను దృష్టిలో పెట్టుకుని రాసిన ఒప్పందాల్లో తుప్పు, దుమ్ము, తేమ ఎక్కువగా మినహాయింపుల జాబితాలోనే ఉంటాయి. నీళ్లు ఒలికితే, కింద పడితే ఇచ్చే ప్రమాద కవరేజి వేరు, ఇది వేరు. ఇక్కడి వ్యాపారాలకు ధర తర్వాత అంతటి ముఖ్యమైన వాక్యం ఇదే. బేరంలో దాన్ని ఎత్తేవాళ్లు మాత్రం నాకు పెద్దగా కనపడలేదు.

తాళంచెవులు ఎవరి దగ్గర

2021 జులైలో కసేయా అనే కంపెనీ సాఫ్ట్‌వేరులోని లోపాన్ని ఒక రాన్సమ్‌వేర్ ముఠా (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజేవాళ్లు) పట్టుకుంది. ఆ సాఫ్ట్‌వేరు వాడేది ఇలా ఇతరుల కంప్యూటర్లను చూసిపెట్టే సంస్థలు. వాళ్ల ద్వారా ఆ సంస్థల ఖాతాదారులు, కసేయా అంచనా ప్రకారమే 800 నుంచి 1,500 దాకా వ్యాపారాలు దెబ్బతిన్నాయి. అందరి తాళాలూ ఒకచోట ఉంటే దొంగకు శ్రమ తక్కువ.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సాఫ్ట్‌వేరు కంపెనీ అప్‌డేట్ తప్పుగా వెళ్లి దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెర పట్టాయి. అందులో దొంగలెవరూ లేరు, పొరపాటే. చాలా మెషీన్లకు దూరం నుంచి మందు వేయడం కుదరలేదు. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆ కీల పట్టీ వెండరు దగ్గరే ఉండి, ఆ రోజు వెండరు ఫోనుకు దొరకకపోతే?

అందుకని ఒప్పందంలో ధర కంటే ముందు తేలాల్సింది, కంపెనీ క్లౌడ్ ఖాతాకు పెద్ద అడ్మిన్ ఎవరన్నది. ఖాతా కంపెనీ పేరు మీద ఉండి, వెండరుకు పనిచేయడానికి సరిపడా హక్కులు ఇవ్వడం ఒక పద్ధతి. వెండరు ఖాతాలోనే కంపెనీని చేర్చుకోవడం ఇంకో పద్ధతి. రెండోది త్వరగా మొదలవుతుంది, బయటపడేటప్పుడు చుక్కలు చూపిస్తుంది.

చట్టం వైపు చూస్తే, 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పనిని అప్పగించనిస్తుంది గానీ బాధ్యతను అప్పగించనివ్వదు. రోగుల వివరాలో, ఉద్యోగుల ఆధార్ కాపీలో వెండరు చేతిలో జారినా సమాధానం చెప్పాల్సింది వాటిని సేకరించిన సంస్థే. తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల వ్యవధి ఉంది. సైబర్ దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలన్న 2022 ఆదేశం ఇప్పటికే అమల్లో ఉంది. వెండరు మనకు ఎన్ని గంటల్లో చెబుతాడని ఒప్పందంలో లేకపోతే ఆ 6 గంటలకు అర్థం లేదు.

"మా ఫోన్లో అన్నీ చూస్తారా?"

ఉద్యోగుల టెన్షన్ ఇది, తీసిపారేయాల్సింది కాదు. సొంత ఫోనులో ఆఫీసు మెయిల్ కోసం ఎండీఎం పెట్టమంటే భయపడతారు. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అనే వేరు గది కడతారు. ఇన్‌ట్యూన్ విషయంలో ఫోటోలు, మెసేజ్‌లు, కాల్ లిస్టు, బ్రౌజింగ్ చరిత్ర కంపెనీకి కనపడవు. ఫోను మోడలు, ఓఎస్ వెర్షన్ లాంటివి కనపడతాయి. ఉద్యోగి మానేస్తే ఆ గది మటుకు చెరిపేస్తారు. కంపెనీ ఇచ్చిన ఫోను, లాప్‌టాప్ సంగతి వేరు. వాటిని మొత్తంగా చెరపొచ్చు, పోయిందంటే ఎక్కడుందో వెతకొచ్చు. పిల్లల పుట్టినరోజు ఫోటోలు ఆఫీసు లాప్‌టాప్‌లో దాచుకునేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఆ ఫోటోలు పోయాక తెలుస్తుంది, ఆ మెషీను ఎవరిదో.

తగ్గించుకునే రోజు, తిరిగిచ్చే రోజు

పెంచుకోవడం ఎప్పుడూ సులువే, ఫోన్ చేస్తే పెట్టెలు వస్తాయి. తగ్గించుకోవడమే కష్టం. పంట బాగోక మన రొయ్యల కంపెనీ పద్దెనిమిదో నెలలో 40 నుంచి 28 మందికి దిగిందనుకుంటే, వాడని 12 మెషీన్లకు మిగిలిన పద్దెనిమిది నెలల బిల్లు 5,61,600. కొన్ని ఒప్పందాల్లో పదిశాతం దాకా ఉచితంగా వెనక్కివ్వనిస్తారు. అప్పుడు నాలుగు పోతాయి, ఎనిమిది మిగులుతాయి. సొంతవైతే ఆ పన్నెండూ బీరువాలో ఉంటాయి, లేదా అమ్ముడవుతాయి.

తిరిగిచ్చే రోజు చార్జరు లేదని, తాటికాయంత సొట్ట ఉందని లెక్కలు తీస్తారు. ఫోటోలు తీసి అప్పగించిన ఆఫీసులో ఆ తగువు తక్కువ. డేటా చెరిపినట్టు మెషీను నంబరుతో సహా సర్టిఫికెట్ ఇవ్వడం మంచి వెండర్లకు అలవాటే. వాడినవాటినే ఆఖరున చవగ్గా ఇచ్చేస్తామని కొందరంటారు, చాలామంది సంతోషంగా తీసుకుంటారు కూడా.

ఒంగోలులో తెలిసినవాళ్ల ఆఫీసులో అలా తీసుకున్న ఒక లాప్‌టాప్‌ను చూశాను. మెషీన్ కొత్తదానిలా ఉంది. నెమ్మదించిందని విండోస్ మొదటి నుంచి ఎక్కించారు. వైఫై కలపగానే తెర మీద వాళ్ల పేరు కాకుండా వెండరు కంపెనీ పేరు, దాని లోగో, కింద ఆ కంపెనీ మెయిల్ ఐడీ కొట్టమని ఒక గడి. అమ్మినవాళ్లు నమోదులోంచి ఆ నంబరు తీయడం మరిచిపోయారు. మళ్లీ ఫార్మాట్ చేసినా అదే తెర. అడిగితే వెండరు "టికెట్ రెయిజ్ చేయండి సార్" అన్నాడు. ఆ టికెట్ వేయడానికి లాగిన్ కావాలి. ఒప్పందంతో పాటే ఆ లాగిన్ కూడా ముగిసిపోయింది.